ఓడ దిగే అతిథికి అసలు సరుకు అందేనా?

గన్నవరం: గల్ఫు నుంచో సింగపూరు నుంచో వచ్చిన చుట్టం పెట్టె విప్పుతుంటే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరడం ఈ ప్రాంతపు పల్లెల్లో కొత్త కాదు. పిల్లల చూపు చాక్లెట్ల మీద ఉంటుంది, పెద్దల చూపు సెంటు సీసాల మీద ఉంటుంది. 'డ్యూటీ ఫ్రీ షాపులో కొన్నాడట' అన్న మాట చెవిన పడగానే ఆ సరుకు గౌరవం ఒక మెట్టు పెరుగుతుంది. ఊరి పొలిమేర దాటని వారికి సైతం ఆ మాట నోట పలుకుతున్నది. అయితే అది నిజంగా చవకో కాదో ఆరా తీసిన వారు తక్కువ. ఇక పైదేశం మనిషి మన రేవులో దిగి, మన దగ్గర నుంచి గుర్తుగా ఏం పట్టుకుపోతున్నాడు అని అడిగిన వారు మరీ తక్కువ.

ఈ ప్రశ్న ఇప్పుడు ముందుకు రావడానికి కారణం ఉన్నది. విశాఖపట్నం రేవులో విహార ఓడల కోసం సుమారు 96 కోట్ల రూపాయల వ్యయంతో కట్టిన టెర్మినల్‌ను 2023 సెప్టెంబరులో కేంద్ర మంత్రి సర్బానంద సోనోవాల్ ప్రారంభించారు. అంతకు ముందే, 2022 జూన్‌లో, 'ఎంప్రెస్' అనే విహార ఓడ చెన్నై, పుదుచ్చేరి రేవులను కలుపుతూ విశాఖకు వచ్చింది. 2024 ఏప్రిల్‌లో 'ది వరల్డ్' అనే విదేశీ ఓడ ఆ కొత్త టెర్మినల్‌కు వచ్చి ఆగింది. విశాఖకు ఓడ వస్తే గన్నవరం వారికి ఏమిటి అని కొట్టిపారవేయడానికి లేదు. ఆంధ్ర దేశపు గుర్తుగా కొనుక్కోదగిన సరుకులు ఏవని అడిగితే మొదట వచ్చే పేర్లలో కొండపల్లి బొమ్మ, పెడన కలంకారీ ఉంటాయి. 2022లో జిల్లాలు విడదీసిన మీదట కొండపల్లి ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళింది గాని, పెడన కృష్ణా జిల్లాలోనే ఉన్నది. ఎక్కడ ఉన్నా రెండూ ఈ చుట్టుపక్కల చేతులు చేసే పనులే. ఓడ విశాఖలో ఆగినా దాని లాభమో నష్టమో ఈ వీధుల్లోకి రావలసిందే.

సుంకం లేదంటే చవకేనా?

ముందు డ్యూటీ ఫ్రీ సంగతి. డ్యూటీ అంటే సుంకం. దేశం దాటిపోయే ప్రయాణికుడు కొనే వస్తువును ఆ దేశంలో వాడడు కనుక, అక్కడి పన్ను వేయకుండా అమ్మనివ్వడమే ఈ ఏర్పాటు. విమానాశ్రయంలో ఇలాంటి దుకాణం మొట్టమొదట ఐర్లండు దేశంలోని షానన్‌లో 1947లో తెరిచారు. ఆ రోజుల్లో అట్లాంటిక్ మహాసముద్రం దాటే విమానాలు నూనె పోయించుకోవడానికి అక్కడ దిగేవి. ఖాళీగా కూర్చున్న ప్రయాణికుల చేత నాలుగు డబ్బులు ఖర్చు పెట్టించడానికి పుట్టిన ఆలోచన అది. తర్వాత లోకమంతా పాకింది. విహార ఓడల్లోనూ ఈ దుకాణాలుంటాయి. ఓడ రేవులో కట్టి ఉన్నంతసేపు మామూలుగా వాటికి తలుపులు వేసి ఉంటాయి. నడిసముద్రంలోకి వెళ్ళిన తర్వాతే తెరుస్తారు. రేవులో అమ్మితే ఆ దేశపు సుంకం వచ్చి పడుతుంది.

సుంకం లేదు కాబట్టి చవక అనుకోవడం సగమే నిజం. మద్యం, పొగాకు, సెంట్ల వంటి వాటి మీద ఆయా దేశాల్లో పన్నులు అధికం గనుక ఆ మేరకు కలిసివస్తుంది. అసలే పన్ను తక్కువగా ఉన్న వస్తువు మీద మిగిలేది ఏమీ ఉండదు. దుకాణం అద్దె, యజమాని లాభం, విద్యుద్దీపాల ఖర్చు అన్నీ ధరలోనే ఉంటాయి. బెజవాడ బీసెంట్ రోడ్డులో ధర అడిగి వెళ్ళిన వాడికి ఈ తేడా వెంటనే తెలుస్తుంది. అడగకుండా వెళ్ళిన వాడు అద్దాల బీరువా చూసి మోసపోతాడు.

రెండోది, అక్కడ సుంకం లేకపోయినా ఇక్కడ దిగేటప్పుడు కస్టమ్స్ వారి లెక్క వేరే ఉంటుంది. 2016లో చేసిన నిబంధనల్లో విదేశం నుంచి తిరిగివచ్చే వారికి 50 వేల రూపాయల సరుకు వరకు మినహాయింపు ఇచ్చారు. దానిని మించితే నూటికి 35 వంతుల సుంకం, ఆపైన సెస్సు. మద్యం రెండు లీటర్లు, సిగరెట్లు నూరు అని హద్దు పెట్టారు. ఈ అంకెలు ఎప్పటికప్పుడు మారేవే గనుక బయలుదేరే ముందు అడిగి తెలుసుకోవడం మేలు. టీవీల సంగతి గల్ఫు వెళ్ళివచ్చిన కుటుంబాలకు గుర్తుండే ఉంటుంది. దుబాయి నుంచి పలక లాంటి టీవీని దుప్పట్లో చుట్టి తెచ్చుకోవడం ఒకప్పుడు ప్రతి ఊళ్ళో చూసిందే. 2013 ఆగస్టులో కేంద్రం ఆ మినహాయింపు తీసివేసింది. సంగతి తెలియక తెచ్చుకున్న వారు విమానాశ్రయంలో సుంకం కట్టి లబోదిబోమన్నారు. అదే ధరకు ఇక్కడి అంగడిలోనే కొత్తది దొరికేది!

ఇంకొక మాట. చెన్నైలో ఎక్కి విశాఖలో దిగే ఓడ మన దేశపు ఒడ్డు వెంట నడిచేదే. దేశం దాటని ప్రయాణానికి సుంకం లేని సరుకు అన్న మాటే పుట్టదు. ఓడ ఎక్కితే చాలు అన్నీ చవక అనుకుని డబ్బు మూట కట్టుకుని బయలుదేరే వారు ఇది గమనించాలి.

నిజానికి విదేశీ సరుకు మీద మోజు మనకు విమానాలతో రాలేదు. గన్నవరం విమానాశ్రయానికి అంతర్జాతీయ హోదా 2017లో వచ్చింది. 2018 డిసెంబరులో మొదలైన సింగపూరు విమానం 2019లో ఆగిపోయింది. 2022 అక్టోబరు ఆఖరున షార్జా విమానం మొదలైంది. అంతకు చాలా ముందే మద్రాసు హార్బరు దగ్గర బర్మా బజారు ఉండేది. బర్మా నుంచి కట్టుబట్టలతో తిరిగివచ్చిన వారి బతుకుతెరువు కోసం 1969లో ఏర్పడిన బజారు అది. మద్రాసు మెయిలు ఎక్కివెళ్ళిన వాడు గడియారమో టేపురికార్డరో తేకుండా తిరిగి వచ్చేవాడు కాదు. 1991 తర్వాత దిగుమతుల మీద ఆంక్షలు సడలడంతో ఆ మోజు చాలా వరకు చల్లారింది. ఇప్పుడు పైదేశపు గడియారం బెజవాడలోనే దొరుకుతుంది. కొండపల్లి బొమ్మ మాత్రం కొండపల్లి వారే చేయాలి.

బందరు రేవు బేరం

ఓడ దిగిన పరదేశికి సరుకు అమ్మడం కృష్ణా జిల్లాకు నేర్పవలసిన విద్య కాదు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వారి 'గ్లోబ్' ఓడ 1611లో నిజాంపట్నం, మచిలీపట్నం రేవులకు వచ్చింది. డచ్చి వారు అంతకు ముందే వచ్చి ఉన్నారు. వారంతా వచ్చింది మన గుడ్డ కోసం. ఇక్కడి అద్దకపు బట్ట ఉతికినా రంగు వదలదన్న పేరు ఐరోపా అంతా పాకింది. ఆ ఎరుపుకు మూలం ఈ డెల్టా ఇసుక నేలల్లో దొరికే చిరివేరు. తమ నేతగాళ్ళ పొట్ట కొడుతున్నదని ఫ్రాన్సు ప్రభుత్వం 1686లో ఈ రంగుల గుడ్డలను నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒకసారి, 1721లో మరింత గట్టిగా చట్టాలు చేసింది. ఒక సరుకును ఆపడానికి రెండు రాజ్యాలు చట్టాలు చేసుకోవలసి వచ్చిందంటే దాని సత్తా ఏపాటిదో ఊహించుకోవచ్చు.

తర్వాత మిల్లు గుడ్డ వచ్చింది. 1864 నవంబరు తుఫానులో ఉప్పెన వచ్చి బందరు ఊరు ఊరంతా నీట మునిగింది. సుమారు 30 వేల ప్రాణాలు పోయాయని చరిత్ర చెబుతున్నది. రేవు మళ్ళీ కోలుకోలేదు. 2023 మే నెలలో తపసిపూడి దగ్గర కొత్త రేవు పనులకు శ్రీకారం చుట్టారు. అది ప్రధానంగా సరుకుల రేవు గనుక విహార ఓడల మాట ఇప్పట్లో అక్కడ అనుకోనక్కరలేదు. అద్దకం పని మాత్రం బందరు పక్కనే పెడనలో నిలిచి ఉన్నది.

ఆ పని చూసిన వారికి దాని ధర ఎక్కువ అనిపించదు. గుడ్డను ఉతికి, కరక్కాయ నీళ్ళలో, గేదె పాలలో ముంచి ఆరవేస్తారు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లంతో నానబెట్టి తీసిన నీటితో నలుపు, పటికతో ఎరుపు పడవలసిన చోట అచ్చు. టేకు చెక్క మీద చెక్కిన అచ్చును అరచేత్తో గుద్ది గుద్ది వేస్తారు. ఆపైన పారే నీటిలో ఉతకాలి. నిలవ నీటిలో ఉతికితే అంటవలసిన రంగు ఒకచోట, అంటకూడని రంగు ఒకచోట అంటుతుంది. అందుకే కాలువకు నీరు వదలని రోజుల్లో పెడన పనికి ఇబ్బంది. తర్వాత వేళ్ళు, ఆకులు వేసిన రాగి కాగులో మరిగిస్తారు. అప్పుడు గాని పటిక వేసిన చోట ఎరుపు తేలదు. ఒక రంగుకు ఇంత తతంగం. పసుపు, నీలం కావాలంటే మళ్ళీ మొదలు.

ఇదే డిజైనును తెర బిగించి రసాయనపు రంగు లాగితే ఒక పూటలో తానుకు తాను తయారవుతుంది. స్క్రీన్ ప్రింటు అంటే అదే. అదీ ఒక పనే. దాని మీద బతికే కూలీలూ ఉన్నారు, వారి పొట్ట కొట్టమని ఎవరూ అనరు. స్క్రీన్ గుడ్డను స్క్రీన్ గుడ్డ అనే అమ్మితే పేచీ లేదు. దాన్నే 'చేతి అచ్చు కలంకారీ' అని చెప్పి అమ్మడంతోనే వస్తున్నది చిక్కు. అచ్చు వేసే వాడి కూలి గిట్టాలంటే చీరకు ఇంత పడుతుందని చెబితే, పక్క దుకాణంలో సగానికే ఇస్తున్నారు గదా అని కొనేవాడు దిగిపోతున్నాడు. అక్కడ కొన్నది ఇది కాదని అతనికి చెప్పే వారెవరు?

తెలుసుకోవడం కష్టమేమీ కాదు. చేతి అచ్చు వేసిన గుడ్డను దగ్గరగా చూస్తే ఒక అచ్చు పక్కన మరొకటి పడిన చోట వెంట్రుకవాసి తేడా కనిపిస్తుంది. మనిషి చెయ్యి గనుక అది తప్పదు. గుడ్డ తిరగవేస్తే రంగు వెనక్కు దిగి ఉంటుంది. గీత గీసినట్టు అంతా ఒకే తీరుగా ఉండి, వెనుక తెల్లగా ఉంటే అనుమానించవలసిందే.

కొండపల్లి వారి కథా ఇంచుమించు ఇదే. తెల్ల పొణికి కర్ర తెచ్చి, ఆరబెట్టి, కాళ్ళు, చేతులు, తల వేరువేరుగా చెక్కి, చింతగింజల జిగురు కలిపిన రంపపు పొట్టుతో అతికి, సుద్ద పూసి, మేక వెంట్రుకల కుంచెతో రంగులు దిద్దుతారు. అంబారీ ఏనుగు, తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, ఎడ్లబండి, దశావతారాలు, తల ఆడించే నర్తకి ఇవన్నీ సంక్రాంతి బొమ్మల కొలువులో చూసినవే. ఆ పొణికి చెట్టు ఎదగడానికి ఏళ్ళు పడుతుంది. కొట్టినంతగా నాటడం లేదన్నది పనివారి పాత మొర. కర్ర ఖరీదు పెరిగి, పిల్లలు వేరే పనులకు పోతున్న సమయంలో, మూసలో పోసిన ప్లాస్టిక్ బొమ్మ అదే రంగులు పూసుకుని రైల్వే స్టేషన్ల దగ్గర అమ్ముడుపోతున్నది. ఓడ దిగిన మనిషికి రెంటికీ తేడా తెలియాలని ఎలా ఆశిస్తాం?

అలాస్కాలో ఏం జరిగింది?

విహార ఓడలు మరిగిన ఊళ్ళు లోకంలో చాలా ఉన్నాయి. వాటి అనుభవం వినదగినది. కరీబియన్ సముద్రంలో సెయింట్ థామస్ అనే దీవి అమెరికా ఏలుబడిలో ఉన్నది. అమెరికా వారు విదేశాల నుంచి మామూలుగా 800 డాలర్ల సరుకు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. ఆ దీవి నుంచైతే 1,600 డాలర్ల దాకా వెసులుబాటు ఇచ్చారు. దాంతో రేవు వీధి వీధంతా నగలు, గడియారాలు, మద్యం దుకాణాలయింది. కొనే సరుకులో ఆ దీవిలో తయారయింది ఏపాటి? సరుకు ఒక ఓడలో వస్తుంది, మరొక ఓడలో పోతుంది. మధ్యలో ఊరివాడికి దక్కేది గుమాస్తా జీతం.

ఉత్తరాన అలాస్కాలో ఇంకొక తీరు. అక్కడి ఆదివాసీలు చెక్కతో చేసే కంబాలు, ముసుగులకు పెద్ద పేరు. ఎండాకాలమంతా ఓడలు వస్తాయి. కెచికాన్ అనే రేవులో ఒక దుకాణదారు ఫిలిప్పీన్స్‌లో చెక్కించి తెచ్చిన బొమ్మలను ఆదివాసీల చేతిపని అని అమ్మి పట్టుబడ్డాడు. 2023లో న్యాయస్థానం అతనికి రెండేళ్ళ జైలు శిక్ష వేసింది. అందుకు ఆధారం 1990లో అమెరికా చేసుకున్న చట్టం. ఆదివాసీ చేయని దాన్ని ఆదివాసీ చేతిపని అని అమ్మడం ఆ చట్టం కింద నేరం. దీనికి తోడు అలాస్కా ప్రభుత్వం వెండి చెయ్యి గుర్తు ఉన్న చీటీని అసలైన ఆదివాసీ పనివారికి ఇచ్చింది. ఓడ దిగిన వారు ఆ చెయ్యి బొమ్మ ఉందా లేదా అని చూసి కొనవచ్చు.

మన దగ్గర చట్టం లేదా అంటే ఉన్నది. 1999లో పార్లమెంటు భౌగోళిక గుర్తింపు చట్టం చేసింది. ఆ గుర్తింపు కొండపల్లి బొమ్మలకు, మచిలీపట్నం కలంకారీకి, ఏటికొప్పాక లక్క బొమ్మలకు వచ్చింది. తప్పుడు పేరుతో అమ్మిన వారికి ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా అని అందులో రాసి ఉన్నది. 2018లో కేంద్రం ఇలాంటి సరుకులన్నిటికీ ఒక ముద్రను కూడా రూపొందించింది. కాగితం మీద లోటు లేదు. రైల్వే స్టేషను ముందు ప్లాస్టిక్ బొమ్మను కొండపల్లి బొమ్మ అని అమ్మే వాడికి ఈ చట్టం పేరైనా తెలుసా అన్నది సందేహమే. తనిఖీ చేయవలసిన వారు ఎన్నడైనా ఆ వైపు చూశారా అన్నది అంతకు మించిన సందేహం.

ఏటికొప్పాక వారిని చూసి కొంత నేర్చుకోవచ్చు. విశాఖకు దగ్గర ఊరు. అంకుడు కర్రను తరిణి పట్టి, లక్కలో చెట్ల రంగులు కలిపి పూస్తారు. పసిపిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేదని చెప్పుకోవడానికి వీలున్న బొమ్మలు. ఆ చెట్ల రంగుల కోసం పాటుపడిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగినవి ఆ బొమ్మలే. ఓడ దిగిన వారికి దగ్గర్లోనే ఇంత సరుకు ఉన్నది. కృష్ణా ఒడ్డు సరుకుకు విజయవాడ నుంచి 350 కిలోమీటర్ల రైలు దారి. కాబట్టి అది తానుగా వెళ్ళదు, ఎవరైనా తీసుకువెళ్ళాలి.

ఎవరు తీసుకువెళతారు అన్న దగ్గరే అసలు మెలిక. ఓడ ప్రయాణికుడు పొద్దున దిగి సాయంత్రం ఎక్కేస్తాడు. కైలాసగిరి, సముద్రపు ఒడ్డున కురుసుర జలాంతర్గామి చూసేసరికి పూట గడిచిపోతుంది. అతను కొనేది టెర్మినల్ గుమ్మంలోనో, బస్సు ఆపిన దుకాణంలోనో. బస్సు ఏ దుకాణం ముందు ఆగాలో నిర్ణయించేది గైడు. గైడుకు కమీషను ఎవరు ఎక్కువిస్తే అక్కడ ఆగుతుంది. అచ్చు వేసే వాడు, బొమ్మ చెక్కే వాడు కమీషను ఇచ్చుకోలేరు. టెర్మినల్‌లో అద్దె గదికి వేలం పాటకు దిగలేరు. పాట పెంచి గది దక్కించుకున్న వాడు ఆ సొమ్ము రాబట్టుకోవడానికి ఏది చవకగా వస్తే అది తెచ్చి పెడతాడు. అతన్ని ఒక్కడినే తప్పు పట్టి లాభం లేదు. వేలం పెట్టిన పద్ధతిలోనే ఆ ఫలితం ఉంటుంది.

కనుక రేవు అధికారులు, పర్యాటక శాఖ వారు ఒక మూల జాగాను వేలంలో పెట్టకుండా పనివారి సంఘాలకు వంతుల మీద ఇవ్వాలి. ఓడ వచ్చిన నాడు కొండపల్లి నుంచి ఇద్దరు, పెడన నుంచి ఇద్దరు, ఏటికొప్పాక నుంచి ఇద్దరు అక్కడ కూర్చుని పని చేస్తూ అమ్మాలి. అచ్చు గుద్దే చెయ్యిని కళ్ళతో చూసిన మనిషికి ఇది అసలుదా నకిలీదా అన్న చీటీ కూడా అక్కరలేదు. ధర రాసి పెట్టాలి. విదేశీయుడు కనిపించగానే మూడింతలు చెప్పి, సగానికి దిగే అలవాటు మన బజార్లలో ఉన్నది. అది ఎంతమాత్రం గౌరవం కాదు. గన్నవరం విమానాశ్రయంలోనూ ఇలాంటి చోటు ఒకటి ఉంటే, అమెరికా వెళ్ళే పిల్లల పెట్టెల్లో ఆవకాయ జాడీ, సున్నుండల డబ్బా పక్కన ఒక ఏనుగు అంబారీకీ తావు దొరుకుతుంది.

ప్లాస్టిక్ బొమ్మ కొనే వాడు చవక చూసి కొంటాడు, అతన్ని మార్చలేమనే వారున్నారు. కొంత నిజమే. అందరూ కలంకారీ చీర కొనరు. చేతి రుమాలంత అచ్చు గుడ్డ, అరచేతిలో ఇమిడే ఎడ్లబండి వంటి చిన్న వస్తువులు, పెట్టెలో బరువు కానివి, పగలనివి తయారు చేస్తే తక్కువ డబ్బులోనే అసలు సరుకు ఇవ్వవచ్చు. ఈ సలహా పనివారికి చెప్పనక్కరలేదు, వారికే బాగా తెలుసు. వారికి కావలసింది ముందు కబురు. పొణికి కర్ర ఆరడానికి రోజులు కావాలి, గుడ్డ ఉతకడానికి కాలువ పారాలి. ఏ ఓడ ఏ నెలలో వస్తున్నదన్నది ఓడల కంపెనీలకు, రేవు కార్యాలయానికి చాలా ముందుగానే తెలిసి ఉంటుంది. ఆ తేదీల పట్టికను కొండపల్లి, పెడన సంఘాలకు పంపడానికి పైసా ఖర్చు లేదు.